శాలువా కాదు, బెండు జాకెట్

మా ఊళ్లో బెండు అంటే వల పైతాడుకి కట్టేది. వల అడుగున సీసపు గుళ్లు, పైన బెండ్లు. గుళ్లు కిందికి లాగుతుంటే బెండ్లు పైకి పట్టి ఉంచుతాయి, అప్పుడే వల నీళ్లలో గోడలా నిలబడుతుంది. చిన్నప్పుడు తెగిపడిన బెండ్లు ఒడ్డున ఏరుకుని, దారానికి గుచ్చి, నడుముకి కట్టుకుని కాలవలో ఈత నేర్చుకున్నాం. అందుకే ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఆ పాత ఫొటో చూసినప్పుడు నా నోట మొదట వచ్చిన మాట అదే. గడ్డం పెంచుకున్న ఒక మనిషి, ఛాతీ మీద, నడుము కింద వరసగా నిలువు పట్టీలు. నీళ్లలో తేలడానికి వేసుకునే జాకెట్ అది, ఒక్కో పట్టీ ఒక బెండు ముక్క. గోనెలాంటి మందపాటి గుడ్డ మీద పక్కపక్కనే కుట్టేశారు. నడుము దగ్గర మాత్రం పట్టీలు లేవు, అక్కడ జాకెట్ మడత పడుతుంది.

ఆ ఖాళీ ఎందుకు వదిలారో నాకు చాలాసేపు అర్థం కాలేదు. తెడ్డు వేసేవాడు వంగి లేవాలి. నడుము పట్టేస్తే తెడ్డు వెయ్యలేడు. దాన్ని తయారుచేసినవాడు తెడ్డు వేసేవాడి ఒంటిని చూసి తయారుచేశాడు. నేను చెప్పాలనుకున్నదంతా దాదాపు ఆ ఖాళీలోనే ఉంది.

ఊరి పేరు విట్‌బీ. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, యార్క్‌షైర్‌లో, ఎస్క్ అనే చిన్న నది సముద్రంలో కలిసేచోట ఉంది. నేను ఉద్యోగం చేసే మిడిల్స్‌బరో నుంచి బస్సులో గంట పైనే. చూడటానికి వచ్చేవాళ్లు 199 మెట్లెక్కి కొండ మీది పాత మఠం శిథిలాలు చూస్తారు, కెప్టెన్ కుక్ ఓడ పని నేర్చుకున్న ఊరని చెప్పుకుంటారు, చేపలూ చిప్సూ తిని వెళ్లిపోతారు. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. రెండోసారి మాత్రం సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లని కాపాడి తెచ్చే లైఫ్‌బోట్ల కోసమే వెళ్లాను, ఆ తరవాత ఎన్నిసార్లు వెళ్లానో లెక్కపెట్టలేదు.

ఫొటోలో ఉన్నతని పేరు హెన్రీ ఫ్రీమన్. ఫొటో తీసింది ఆ ఊరి ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ మెడో సట్‌క్లిఫ్. ఫ్రీమన్ 1835లో అదే తీరంలో దక్షిణాన ఉన్న బ్రిడ్లింగ్టన్‌లో పుట్టాడు, ఇటుకల పని చేసుకునేవాడు. ఆ పని తగ్గిపోతే విట్‌బీ వచ్చి చేపల వేటలో దిగాడు.

1861 ఫిబ్రవరి 9, శనివారం. ఉత్తర సముద్రంలో పెద్ద తుపాను. ఆ రోజుల్లో ఆ తీరమంతా బొగ్గు ఓడలే. న్యూకాజిల్ వైపు నుంచి బొగ్గు వేసుకుని లండన్‌కి వెళ్లే తెరచాప ఓడలు, గాలి తూర్పు నుంచి కొడితే ఒడ్డుకి కొట్టుకురావడం తప్ప ఇంకో దారి లేనివి. పొద్దున్నుంచీ విట్‌బీ ఇసుక మీదికి ఒకదాని తరవాత ఒకటి వచ్చి పడ్డాయి. ఊరి లైఫ్‌బోటు ఒకసారి వెళ్లింది, ఓడలోవాళ్లని తెచ్చింది. మళ్లీ వెళ్లింది, తెచ్చింది. అలా ఐదుసార్లు. ప్రతిసారీ తెడ్లేసుకుంటూ అలలకి ఎదురెళ్లడం, తడిసి ముద్దయిన మనుషుల్ని ఎక్కించుకుని రావడం. అందరూ ఊరివాళ్లే, వేటకెళ్లేవాళ్లే. అప్పటికే ఒంట్లో సత్తువంతా అయిపోయి ఉంటుంది.

అప్పుడు ఇంకో ఓడ వచ్చింది. మర్చంట్ అనే స్కూనర్, అదీ తెరచాప ఓడే.

ఆరోసారి కూడా వెళ్లారు. పీర్‌కి, అంటే రేవు దగ్గర సముద్రంలోకి కట్టిన గట్టుకి దగ్గర్లో, ఒడ్డు నుంచి వచ్చే అల, సముద్రం నుంచి వచ్చే అల రెండూ ఢీకొట్టుకునే చోట బోటు తిరగబడింది. దూరంగా ఎక్కడో కాదు. పీర్ మీద నిలబడ్డ ఊరంతా చూస్తుండగా. అందులో ఉన్నవాళ్ల పెళ్లాలు, తల్లులు, పిల్లలు చూస్తుండగా. బోటులో ఉన్నది 13 మంది. 12 మంది పోయారు. ఒడ్డుకి వచ్చింది ఫ్రీమన్ ఒక్కడే. లైఫ్‌బోటు ఎక్కడం అతనికి ఆ రోజే మొదలు.

మిగతావాళ్ల కంటే అతను బలవంతుడేమీ కాదు, అనుభవం ఉన్నవాడు అసలే కాదు. తేడా ఒక్కటే. కొత్త తరహా బెండు జాకెట్ వేసుకున్నది అతనొక్కడే. 1854లో కెప్టెన్ జాన్ రాస్ వార్డ్ అనే నౌకాదళ అధికారి తయారుచేసిన జాకెట్ అది, ఫొటోలో నేను చూసిన రకమే.

ఒకే బోటు, ఒకే అల, ఒకే ధైర్యం. 13 మందిలో ఎవరి ధైర్యమూ తక్కువ కాదు, ఐదుసార్లు వెళ్లొచ్చిన చేతులవి. ప్రాణం నిలబెట్టింది గుడ్డ మీద కుట్టిన బెండు ముక్కలు. ఇది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మా పెదనాన్న గుర్తొచ్చాడు.

మాది ఉప్పాడ దగ్గర ఒక చిన్న ఊరు. మా పెదనాన్న సరంగు, బోటు నడిపేవాడు. నా చిన్నతనంలో ఒక ఏడు, వాయుగుండం అని రేడియోలో చెప్పిన మర్నాడు, మా ఊరి బోటు ఒకటి ఇంజను ఆగిపోయి ఒడ్డుకి కనిపించే దూరంలోనే కొట్టుకుపోతోంది. ఎవరెవరికో ఫోన్లు వెళ్లాయి. ఎవరూ రాలేదు. పెదనాన్నా, ఇంకో నలుగురూ ఆయన బోటు తోసుకుని వెళ్లారు. మా పెద్దమ్మ ఇసుకలో కూర్చుండిపోయింది. కళ్లు మూసుకుని ఉంది, సముద్రం వైపు చూడనేలేదు. సాయంత్రానికి ఆ బోటులో ఉన్న ముగ్గురినీ తీసుకుని వచ్చారు. ఐదుగురిలో ఒక్కడి ఒంటి మీదా జాకెట్ లేదు.

తరవాతి వారం మీటింగ్ పెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు, పేపర్లో ఫొటో వచ్చింది. ఆ రోజు అలల్లో ఒడ్డుకి కొట్టుకుని బోటు చట్రం విరిగింది, ఇంజనులోకి ఉప్పునీరు పోయింది. బాగుచేయించడానికి డబ్బు ఇప్పిస్తామన్నారు. కాగితాలు పట్టుకుని ఆయన ఎన్ని ఆఫీసులు తిరిగాడో నాకు తెలుసు, కొన్నిసార్లు నేనే వెంట వెళ్లాను. బోటు వేటకి వెళ్తుండగా చెడిపోతే ఒక లెక్క, మనుషుల్ని కాపాడబోయి చెడిపోతే దానికి లెక్కే లేదన్నారు. ఆ ఏడంతా పెదనాన్న వేరేవాళ్ల బోటులో కళాసీగా వెళ్లాడు. అప్పు తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. శాలువా ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది, నాఫ్తలీను ఉండలు వేసి దాచింది పెద్దమ్మ.

శాలువా కప్పినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకి చేతనైన గౌరవం వాళ్లు చేశారు. నా బాధ, మన దగ్గర సాహసం గురించిన మాట అక్కడితో అయిపోతుందని. విట్‌బీలో మాట అక్కడ మొదలైంది.

ఆ ఊరికి 1802 నుంచే లైఫ్‌బోటు ఉంది. హెన్రీ గ్రేట్‌హెడ్ అనే పడవలు కట్టేవాడు అంతకు కొన్నేళ్ల ముందు టైన్ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర సౌత్ షీల్డ్స్‌లో కట్టిన తరహా బోటు. దేశమంతటికీ కలిపి ఒక సంస్థ 1824లో పుట్టింది. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ఉండే సర్ విలియం హిల్లరీ అనే ఆయన పట్టుబట్టి పెట్టించాడు. ఇప్పుడు దాన్ని ఆర్.ఎన్.ఎల్.ఐ. అంటారు, రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్. విట్‌బీ బోట్లని అప్పటిదాకా ఊరి కమిటీయే చూసుకునేది. 12 మంది పోయిన ఆ ఏడే అవి ఈ సంస్థ చేతికి వెళ్లాయి. ఫ్రీమన్‌కి వెండి పతకం ఇచ్చారు. కానీ పతకం కంటే పెద్ద సంగతి, ఆ తరవాత బెండు జాకెట్ గురించి ఎవరికీ వేరే వాదన అక్కర్లేకపోయింది. సాక్షి ఊళ్లోనే బతికి తిరుగుతున్నాడు. ఆయన 20 ఏళ్లకు పైగా ఆ ఊరి లైఫ్‌బోటుకి కాక్సన్‌గా ఉన్నాడు. కాక్సన్ అంటే మన సరంగే అనుకోండి, చుక్కాని పట్టేవాడు, వెళ్లాలో వద్దో చివరి మాట చెప్పేవాడు. 300 మందికి పైగా ప్రాణాలు కాపాడటంలో ఆయన చెయ్యి ఉంది. జాకెట్ కాపాడింది ఒక్క ఫ్రీమన్‌నే కాదు, ఆ 300 మందిని కూడా.

వాలంటీర్లు అనగానే మనం ఇంకో పొరపాటు పడతాం. ఉచితంగా చేసేవాళ్లు అనుకుంటాం. ఆ కాలంలో లైఫ్‌బోటు ఎక్కిన ప్రతిసారీ కొంత డబ్బు ఇచ్చేవాళ్లు, రాత్రిపూట వెళ్తే ఎక్కువ. పోయినవాళ్ల కుటుంబాలకి చందాలు పోగుచేసేవాళ్లు. బోటు వాళ్లది కాదు, సంస్థది. విరిగితే సంస్థే బాగుచేయిస్తుంది. బెస్తవాడు తన తిండిగింజల బోటుని పణంగా పెట్టక్కర్లేదు. అతను పెట్టేది తన ఒళ్లు, తన ధైర్యం. ఆ రెండూ అతనివే కాబట్టి వాటిని ఇవ్వడమో మానడమో అతని ఇష్టం. నాకు తెలిసి వాలంటీర్ అనే మాటకి నిజాయితీ గల అర్థం అది. మా పెదనాన్న దగ్గర మనం బోటు కూడా తీసేసుకున్నాం.

1881 జనవరి సంగతి వింటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. విట్‌బీకి దక్షిణాన ఆరు మైళ్లలో రాబిన్ హుడ్స్ బే. విజిటర్ అనే ఓడ అక్కడ మునిగింది. అక్కడి బోటుని దించే పరిస్థితి లేదు, విట్‌బీ నుంచి సముద్రం మీద వెళ్లే పరిస్థితీ లేదు. అప్పుడు లైఫ్‌బోటుని రోడ్డు మీద లాక్కెళ్లారు. మామూలు రోడ్డు కాదు, ఏడడుగుల మంచు మేటలు, 500 అడుగుల ఎత్తుకి ఎక్కాలి. 18 గుర్రాలు లాగాయి, 200 మంది ముందుండి పారలతో మంచు తవ్వారు. అటు నుంచి రాబిన్ హుడ్స్ బే వాళ్లు కూడా తవ్వుకుంటూ ఎదురొచ్చారు. రెండు గంటల్లో బోటుని నీళ్లలో దించారు. మొదటిసారి అలలు వెనక్కి తోసేశాయి, రెండో ప్రయత్నంలో ఓడవాళ్లని తెచ్చారు. కాక్సన్ ఫ్రీమనే. రోడ్డు పక్కన ఆ కథ చెక్కిన రాయి ఉంది. 2018 వరదల్లో కేరళ బెస్తవాళ్లు పడవల్ని లారీలకెక్కించుకుని చెంగన్నూరు వెళ్లడం టీవీలో చూస్తూ నేను ఆ రాయినే తలచుకున్నాను. మన తీరపు మనుషులకీ ఈ మనుషులకీ ఏమాత్రం తేడా లేదు, నీళ్లలో మనిషి ఉన్నాడంటే ఆగలేరు. ఇక్కడ ఆ 200 పారల వెనక ఒక ఏర్పాటు ఉంది, అంతే.

ఇక రోహిల్లా. ఈ ఊరి చరిత్రలో నన్ను అందరికంటే ఎక్కువ పట్టుకున్న ఓడ ఇదే, ఎందుకంటే ఇది మన ఓడ కూడా.

రోహిల్లా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. బెల్‌ఫాస్ట్‌లో హార్లాండ్ అండ్ వుల్ఫ్ వాళ్లు 1906లో కట్టారు, కలకత్తా దారిలో తిప్పడానికి. కాకినాడ, బిమ్లీ, విశాఖ రేవుల నుంచి మనవాళ్లని రంగూన్ తీసుకెళ్లిన స్టీమర్లు ఈ కంపెనీవే. మా తాత వాళ్ల అన్న అలాంటి స్టీమరెక్కి రంగూన్ వెళ్లి మరి తిరిగి రాలేదు. బర్మాలో తెలుగు కూలీలని కోరంగీలు అనేవారు, మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదుగా. ఆ కంపెనీ జెండా ఉన్న ఓడ ఒకటి ఇక్కడ, ఈ చలి సముద్రంలో, విట్‌బీ ఊరి రాళ్ల మీద విరిగిపోయిందని తెలిసినప్పుడు ఏదో మనింటి సంగతి విన్నట్టే అనిపించింది.

1914 అక్టోబరు 30, శుక్రవారం, తెల్లవారుజామున నాలుగు గంటలు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై మూడు నెలలు. రోహిల్లాని ఆస్పత్రి ఓడగా మార్చారు. స్కాట్లండ్ నుంచి ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్‌కి, గాయపడిన సైనికుల్ని తేవడానికి వెళ్తోంది. యుద్ధం వల్ల తీరం వెంట దీపాలు ఆర్పేశారు. చీకట్లో, తుపానులో సాల్ట్‌విక్ నాబ్ దగ్గర రాళ్లకి కొట్టుకుంది. అందులో 229 మంది. ఒడ్డుకి దూరం 600 గజాలు, అంతే. తెల్లారేసరికి కొండ మీద నిలబడ్డవాళ్లకి ఓడ మీది మనుషులు కనిపిస్తున్నారు. ఓడ విరిగింది. వెనక భాగంలో ఉన్నవాళ్లు చాలామంది కొట్టుకుపోయారు.

రేవు నుంచి బోటు బయటికి వెళ్లే వీలు లేదు. విట్‌బీ రెండో లైఫ్‌బోటు పేరు జాన్ ఫీల్డెన్. తెడ్ల బోటు. దాన్ని ఎనిమిదడుగుల గోడ మీదుగా ఎత్తి, రాళ్ల మీద లాక్కుంటూ ఓడకి ఎదురుగా తెచ్చారు. రాళ్లకి తగిలి అడుగున రెండుచోట్ల చిల్లు పడింది. అయినా కాక్సన్ థామస్ లాంగ్‌లాండ్స్ దాన్ని దించాడు. మొదటి విడతలో నర్సులతో సహా ఆడవాళ్లందరూ, మొత్తం 17 మంది. ఆ ఆడవాళ్లలో రెండేళ్ల కిందట టైటానిక్ నుంచి బతికి బయటపడ్డ ఒక స్టీవార్డెస్ కూడా ఉంది. రెండో విడతలో 18 మంది. తరవాత ఆ బోటు ఇంక పనికి రాలేదు.

పక్కనున్న అప్‌గ్యాంగ్ లైఫ్‌బోటు విలియం రైలీని రోడ్డు మీద తెచ్చి, 200 అడుగుల కొండ మీద నుంచి తాళ్లతో కిందికి దించారు. దించగలిగారు, చేరలేకపోయారు. తెడ్లు వేసే చేతులు అలలకి చాల్లేదు. ఇంకో రేవు బోటు వచ్చింది, వెనక్కి పోయింది. ఓడ మీద ఉన్నవాళ్లు ఆశ వదులుకుని దూకుతున్నారు. ఊరివాళ్లు మెడలోతు నీళ్లలో నిలబడి కొట్టుకొచ్చినవాళ్లని లాగుతున్నారు. శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది.

అప్పుడు ఉత్తరాన టైన్‌మత్ నుంచి హెన్రీ వెర్నన్ అనే బోటు బయల్దేరింది. దానికి ఇంజను ఉంది. తీరం మీద ఒక్క దీపం లేని రాత్రి, 45 మైళ్లు. కాక్సన్ రాబర్ట్ స్మిత్, వెంట కెప్టెన్ బర్టన్ అనే సైనిక ఇంజనీరు. ఆదివారం పొద్దుపొడిచేవేళ రోహిల్లాని చేరి, అలల మీద నూనె పోసి, ఆ కాస్త నెమ్మదించిన నీళ్లలో దగ్గరికెళ్లి, మిగిలిన 50 మందినీ దించుకుంది. ఓడ కొట్టుకున్న 50 గంటలకి. పోయినవాళ్లు 80 మందికి పైనే.

లైఫ్‌బోటుకి మొదటిసారి ఇంజను పెట్టి చూసింది 1904లో. పదేళ్లయినా చాలా రేవుల్లో దానిమీద నమ్మకం లేదు. తెడ్డు మీద పెరిగినవాడికి ఇంజను ఆగిపోతే ఏమిటన్న భయం, అది అర్థంలేని భయమేమీ కాదు, మా పెదనాన్న కాపాడిన బోటుకి ఆగింది ఇంజనే. కానీ విట్‌బీ కొండ మీద నిలబడి ఆ మూడు రోజులూ చూసినవాళ్లకి ఇంక వాదన మిగల్లేదు. తెడ్ల బోట్లలో ఉన్నవాళ్ల ధైర్యం హెన్రీ వెర్నన్‌లో ఉన్నవాళ్లకంటే తక్కువా? విలియం రైలీ మనుషులు కొండ మీంచి బోటు దించారు! వాళ్ల చేతికి ఇంజను లేదు. 1861లో బెండు చెప్పిన మాటనే 1914లో ఇంజను చెప్పింది.

ఆ తెడ్ల బోట్లని తరవాత కూడా వెంటనే పక్కన పెట్టలేదనుకోండి. మొత్తం సంస్థలో ఆఖరి తెడ్ల లైఫ్‌బోటు విట్‌బీదే, రాబర్ట్ అండ్ ఎలెన్ రాబ్సన్. 1957 దాకా ఉంది. ఇప్పుడు పీర్ రోడ్డులో మ్యూజియంలో పెట్టారు. నీలం, తెలుపు, ఎరుపు రంగులు. నేను దాని పక్కన నిలబడి తెడ్డు పొడవు చూశాను, నా ఎత్తుకి రెండింతలు దాటింది. అది పట్టుకుని పది నిమిషాలు వేయమన్నా నా వల్ల కాదు.

ఈ బోట్లకి డబ్బు ఎక్కడిది? ఇది మనవాళ్లకి చెబితే ముందు నమ్మరు. ప్రభుత్వానిది కాదు. 1854 నుంచి 1869 దాకా కొంత ప్రభుత్వ సొమ్ము తీసుకున్నారు, తరవాత వద్దనుకున్నారు. మిగతాది దాదాపు అంతా జనం వేసిన డబ్బు. 1886లో మెక్సికో అనే ఓడ కోసం పడమటి తీరాన వెళ్లిన లైఫ్‌బోట్లలో రెండు తిరగబడి 27 మంది పోయారు, సెయింట్ ఆన్స్ అనే ఊరి బోటులో ఉన్న 13 మందిలో ఒక్కడు మిగల్లేదు. అది చూసిన చార్లెస్ మకారా అనే బట్టల మిల్లు యజమాని 1891లో మాంచెస్టర్ వీధుల్లో లైఫ్‌బోట్లని ఊరేగించి చందా వసూలు చేశాడు. మాంచెస్టర్‌కి సముద్రం లేదు. మిల్లులో దారం తీసే ఆడవాళ్లు, పొగ గొట్టాల కింద బతికేవాళ్లు, ఎప్పుడూ అల చూడనివాళ్లు, బక్కెట్లలో చిల్లర వేశారు. ఒక్కరోజులో 5,000 పౌండ్లు దాటింది.

ఇది చదివాక నాకు ఒక ఆలోచన ఒదలట్లేదు. మన దగ్గర హుండీలో వేసే చెయ్యి ఎంత ధారాళం! తుపాను వచ్చిందంటే వరంగల్, కరీంనగర్ నుంచి బియ్యం బస్తాలు లారీల్లో వస్తాయి. 1977 దివిసీమ ఉప్పెన తరవాత రాష్ట్రమంతా కదిలొచ్చిందని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఇచ్చే గుణం మనకి కొరత కాదు. ఇచ్చేది ఎప్పుడూ జరిగిపోయాకే, అదొక్కటే కొరత. ఉప్పెన రాకముందు, ఎండ కాస్తున్న ఒక మామూలు మంగళవారం నాడు, రేపు ఎవడో మునగబోతాడని ఇవాళ ఒక బోటు కొనిపెట్టడానికి పది రూపాయలు వెయ్యడం మనకి అలవాటు కాలేదు. అది అలవాటు చేసుకోగలం అనే నా నమ్మకం.

వాదించేవాళ్లు ఉంటారు. ఇదే మాట మా కాకినాడ స్నేహితుడితో అంటే, "అది ధనవంతుల దేశం రా, మనకి కుదరదు" అన్నాడు. 1861లో విట్‌బీ బెస్తవాడు ధనవంతుడు కాడు. వేటకెళ్తే తిండి, వెళ్లకపోతే పస్తు. "ఇది గవర్నమెంటు పని" అన్నాడు. నిజమే, గవర్నమెంటు పనే, దాన్ని నేను ఒదిలిపెట్టను. ఇక్కడా హెలికాప్టర్లు, ఏ బోటు ఎక్కడికి వెళ్లాలో చూసే కంట్రోల్ రూములు ప్రభుత్వం నడిపించేవే. మన తీర రక్షక దళం లోతు సముద్రంలో చేసే పని చిన్నది కాదు, ఆపదలో వాళ్లని పిలిచే 1554 ఫోన్ నంబరు ప్రతి బోటు మీదా రాసి ఉండాలి. కానీ మన బోట్లు ఎక్కువగా తిరగబడేది మొగ దగ్గర, ఒడ్డుకి కేకేస్తే వినిపించే దూరంలో. అక్కడికి పెద్ద ఓడ రాలేదు, వచ్చేసరికి పొద్దు గడిచిపోతుంది. అక్కడ చేరగలిగేది ఊరివాడే. ఎప్పుడూ చేరుతున్నదీ అతనే.

2019 సెప్టెంబరు 15 గుర్తుందా? గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. 77 మందిలో 26 మంది బతికారు. వాళ్లని పైకి లాగింది చుట్టుపక్కల గూడేల గిరిజనులు, బెస్తవాళ్లు, నాటు పడవల మీద. వరద గోదావరిలో! తరవాత 38 రోజులకి, అందరూ చేతులెత్తేసిన బోటుని అడుగు నుంచి లాగి తెచ్చింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఈ చేతులున్న జాతికి ధైర్యం నేర్పాలా?

మన పేపర్లలో ఒక మాట ఉంటుంది, గజ ఈతగాళ్లు. "గజ ఈతగాళ్లను రంగంలోకి దించారు" అని. ఆ వాక్యం ఎక్కడ వస్తుందో చూడండి, దాదాపు ప్రతిసారీ శవాల కోసం వెతికేటప్పుడే. మునిగిన పిల్లాడి కోసం బెస్తపాలెం నుంచి పిలిపిస్తారు, వాళ్లు వచ్చి గంటలకొద్దీ మునిగి తేల్తారు, శవం దొరుకుతుంది, చేతిలో ఏదో పెడితే పెడతారు. అంత గొప్ప ఈతని మనం చావు తరవాత వాడుకుంటున్నాం. ఆ మనిషినే, అదే పాలెంలో, వంతులవారీగా, జాకెట్, తాడు, ఇంధనం నింపిన బోటు ఇచ్చి ముందే కూర్చోబెడితే? వెళ్లిన ప్రతిసారీ కూలి కట్టిస్తే? బీమా ఉంటే? ఆపద మిత్ర పేరుతో కేంద్రం వాలంటీర్లకి శిక్షణ ఇస్తోంది, అది మంచి మొదలు. కానీ శిక్షణ పొందిన మనిషికి సర్టిఫికెట్ కాదు, ఊరి రేవులో అతని చెయ్యందేంత దగ్గర్లో బోటు కావాలి. తన బోటు కాదు. అందరి బోటు.

ఇక్కడ ఎలా చేస్తారో నేను కళ్లారా చూశాను. కిందటి నవంబరులో పీర్ దగ్గర ఒక హోటల్లో కూర్చుని ఉన్నాను. వడ్డిస్తున్న కుర్రాడి నడుము దగ్గర పేజర్ మోగింది. చేతిలో రెండు ప్లేట్లు ఉన్నాయి. పక్క టేబుల్ మీద పెట్టేసి, ఏప్రన్ విప్పుతూనే పరిగెత్తాడు. యజమానురాలు ఒక్క మాట అనలేదు, ఆ ప్లేట్లు తీసుకుని ఎవరివో వాళ్లకి తనే ఇచ్చింది. కిటికీలోంచి చూస్తే ఇంకో ఇద్దరు పరిగెత్తుతున్నారు, ఒకామె చెప్పుల్లో. ఇప్పుడు సిబ్బందిలో సముద్రం పని చేసేవాళ్లు పదిమందిలో ఒకరే ఉంటారట, మిగతావాళ్లు టీచర్లు, ప్లంబర్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు. కాసేపటికే బోటు రేవు దాటి వెళ్లడం కనిపించింది. అందరి ఒంటి మీదా జాకెట్లు. ఒక గంటన్నర తరవాత ఆ కుర్రాడు తడి జుట్టుతో వచ్చి మళ్లీ ప్లేట్లు పట్టుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ శాలువా కప్పలేదు. ఏమైందని అడిగాను. ఎవరిదో చిన్న బోటు ఇంజను ఆగిపోయిందట.

ఆ రాత్రి పెదనాన్నకి వీడియో కాల్ చేసి ఫ్రీమన్ ఫొటో చూపించాను. ఇప్పుడు 74 ఏళ్లు ఆయనకి, సముద్రానికి వెళ్లడం మానేశాడు. ఫోను కళ్ల దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బెండే కదరా అది."

"అవును పెదనాన్నా. ఆ రోజు నీ దగ్గర జాకెట్ ఎందుకు లేదు?"

"ఉండేదిరా ఒకటి. సొసైటీలో ఇచ్చారు. నారింజ రంగుది, ఇంత లావు. అదేసుకుంటే వల లాగలేం, చెయ్యి పైకి లేవదు. వాన పడితే నీళ్లు పీల్చి బరువెక్కేది. ఇంట్లో తలగడకి వాడింది మీ పెద్దమ్మ."

నేను ఫొటోలో నడుము దగ్గర వదిలిన ఖాళీ వేలితో చూపించాను, ఎందుకు వదిలారో చెప్పాను. ఆయన ఫోను పక్కకి పెట్టి రెండు చేతులూ ముందుకి చాచాడు. వల తాడు పట్టుకున్నట్టు గుప్పిళ్లు బిగించి, నడుము వంచి, ఒకసారి వెనక్కి లాగి చూశాడు.

"చంకల దగ్గర కూడా కాస్త తగ్గించమనాలిరా" అన్నాడు.